చుట్టాల గుంతలు

ఫిబ్రవరి 24

మందారాలను నేను చంపలేదు. ముందుగా ఇది రాసిపెట్టుకుంటున్నాను.

కంపెనీ గేటు పక్కన వరుసగా ఉన్న మందారాలు నాలుగు రోజుల్లో ఆకులు ముడుచుకుని, మొగ్గలు రాల్చుకుని, ఉత్త పుల్లలుగా మిగిలాయి. నేను చేసిందల్లా ఇంద్రేశంలో మా ఇంటి వెనక ఉన్న బర్ల కొట్టం నుంచి పేడ తెచ్చి, మొదళ్ల చుట్టూ దండిగా పెట్టడం. యూరియా బస్తా స్టోర్ రూములోనే ఉంది. ముట్టుకోలేదు. రసాయన ఎరువు నేలకు వేసే బేడీ అని పటాన్‌చెరు బస్టాండులో ఒకాయన పంచిన కరపత్రంలో చదివాను. పేడ వేయమని కూడా అందులోనే ఉంది. పచ్చిదా, మాగిందా అన్నది రాయలేదు. వాళ్లు రాయకపోతే నా తప్పా?

వాసన మేనేజరు గది దాకా పోయింది. అది వేరే సంగతి. మందుల కంపెనీలో పొద్దంతా వచ్చే ఘాటుకు ముక్కు మూసుకోని పెద్దమనిషి బర్రెపేడకు మాత్రం రుమాలు తీశాడు!

నరసరాజు ఊగిపోతూ వచ్చాడు. తోటపని కాంట్రాక్టరుకు సూపర్‌వైజరు. భీమవరం దిక్కునుంచి వచ్చి పదేళ్లయినా ఆ యాస ఒక్క ముక్క వదల్లేదు.

"ఎవడ్రా ఈ పని చేసింది? ఇది గార్డెనా, గొడ్ల సావిడా?"

నేను నోరు తెరిచేలోపే అరుణమ్మ పెద్దమ్మ నాకు అడ్డం వచ్చి నిలబడింది. "కొత్త పిలగాడు సార్. నేను సూస్కుంట."

ఆయన పోయాక నా దిక్కు తిరిగింది. "పచ్చిపేడ కాలుతది బిడ్డా. దాని లోపల పొయ్యి ఉంటది. ఏర్లు ఉడికి సచ్చినయ్. మాగినంక గదా ఎరువయ్యేది."

"కరపత్రంల గట్ల లేదు పెద్దమ్మా."

"కరపత్రం రాసినాయినకు బర్రె ఉన్నదా?"

కరపత్రం తీసి రెండు వైపులా చూశాను. బర్రె సంగతి ఎక్కడా లేదు.

ఇది నాకు మూడో ఉద్యోగం. ప్యాకింగ్ లైనులో ఒకసారి, గోడౌనులో ఒకసారి, నోరు ఊరుకోక బయటికొచ్చాను. ఈసారి నాన్న చర్చిలో అరుణమ్మను అడిగి నన్ను ఇక్కడ పెట్టించాడు. ఆమె ఈ కంపెనీలో పాత మాలి. కాంట్రాక్టర్లు మారారు, ఆమె మారలేదు. "నా మాట మీద తీస్కున్నరు నిన్ను," అంది ఇవాళ. "నువ్వు ఏం జేసినా నా నెత్తి మీదికే వస్తది. జెర యాది వెట్టుకో."

మిగిలిన పేడంతా ఎత్తి వెనక గోడ పక్కన గుంతల్లో పోసి రమ్మంది. చూస్తే అక్కడ వరుసగా గుంతలే ఉన్నాయి, ఒక్క చెట్టు లేదు. ఇవెందుకని అడిగాను.

"చుట్టాల గుంతలు," అంది. తట్ట నా నెత్తిన పెట్టింది.

ఫిబ్రవరి 25

"శ్రమను మించిన చదువు లేదు" అని రాసిన మహానుభావుడు ఎన్నడైనా పచ్చిపేడ తట్ట నెత్తిన పెట్టుకున్నాడా? అమ్మ నా చొక్కా వాకిట్లోనే విప్పించింది.

మార్చి 19

బంతినారు పోయింది. దీనికీ నన్నే అంటున్నారు.

మధ్యాహ్నం నారుమడి వాడిపోయి తలలు వేలాడేసింది. సాయంత్రం దాకా నీళ్లు పోయొద్దని పెద్దమ్మ చెప్పిన మాట నిజమే. కానీ కళ్లముందు దాహంతో ఉన్నవాళ్లను పొద్దు గూకేదాకా ఆగమంటామా? నల్ల పైపు పొద్దుటి నుంచి సిమెంటు రోడ్డు మీద ఎండలో పడి ఉంది. లాగాను, వాల్వు తిప్పాను, పోశాను. పప్పులో వేసిన పాలకూరలాగా నారు మొత్తం అలాగే కూలబడింది.

పెద్దమ్మ తిట్టలేదు. ఎండలో పడున్న ఇంకో పైపు చేతిలోకి తీసుకుని, "ఇటు కాలు వెట్టు," అంది. పెట్టాను. పోసింది. ఎగిరి పడ్డాను.

"ఎట్లున్నది?"

"కాలింది! గట్ల పోస్తవేంది పెద్దమ్మా?"

"నారుకు గూడ గట్లనే కాలింది. దునుకుదామంటే దానికి కాళ్లు లెవ్వు."

కాబట్టి: పైపులో నిలిచిన నీళ్లు ముందు రోడ్డు మీదికి వదలాలి. చేతికి చల్లగా తగిలాకే చెట్టుకు. ఇది ఏ కరపత్రంలోనూ లేదు, నేను రాసుకుంటున్నాను. అయినా పైపును నల్లగా తయారుచేసింది ఎవరు? నీడలో చుట్టిపెట్టడానికి ఒక షెడ్డు అడిగితే ఇవ్వనిది ఎవరు? పైపు కూడా యాజమాన్యం పక్షమే.

ఏప్రిల్ 11

ఇవాళ నాకు నిజంగా కోపం వచ్చింది. ఇన్నాళ్లూ వచ్చింది కోపం కాదు.

అన్నం వేళకు వాటర్ ట్యాంకు నీడలో కూర్చున్నాం. ఎదురుగా ఆ గుంతలే. కాలు పెడితే మోకాలు దాకా దిగే గుంతలు. నేను పోసిన పేడ మీద ఎండుటాకులు ఎగిరొచ్చి పడ్డాయి. చుట్టాలెవరని మళ్లీ అడిగాను.

పెద్దమ్మ పచ్చడి ముద్ద కలుపుకుంటూ చెప్పింది. "యాడాదికోసారి చెకింగోళ్లొస్తరు. కంపెనీ సుట్టూ చెట్లుండాలని రూలున్నది గద. ఆళ్లొచ్చే ముంగట నరసరాజు సారు పాండురంగం సేటు నర్సరీకెళ్లి చెట్లు కిరాయికి తెస్తడు. కవర్లు తియ్యకుంట గట్లనే గుంతలల్ల దించి, పైకెళ్లి మట్టి కప్పుతం. ఆళ్లు ఫొటోలు దిగి పోతరు. తెల్లారి సేటు బండొచ్చి ఎత్తుకపోతది. ఒక్కపూట ఉండి పోయేటోళ్లను ఏమంటరు? చుట్టాలే గద."

"గిది మోసం."

"మోసమే. తిను, చీమలు వడ్తయ్."

"నువ్వెట్ల ఊకున్నవ్ పెద్దమ్మా?"

"మొదటి యాడాది అడిగిన. గప్పటి సారు, నీకు చెట్లు గావాల్నా, పని గావాల్నా అన్నడు." డబ్బా మూత పెట్టి మోకాళ్లు రెండు చేతులతో పట్టుకుంది. "గీ మోకాళ్లతోని నేను లైన్ల నిలవడి పని జేస్తనా? గీడ కూసోని కలుపు తీస్కుంట నా తిండి నేను తింటున్న. గిది వోతే నన్నెవ్వలు పిలుస్తరు? నువ్వన్న లొల్లి వెట్టుకోని ఇంకో గేటుకు వోతవ్. నాకు గీ ఒక్కటే గేటు."

నేను చాలా మాట్లాడాను. మట్టిని మోసం చేసే చేతులు మనిషిని మోసం చేయడానికి వెనకాడవని కూడా అన్నాను. ఆమె లేచి, చీరకంటిన దుమ్ము దులుపుకుని, "గా గులాబీల కాడ కలుపు మాట్లాడితే పోదు," అంది.

వెళ్లేముందు ఒక గుంతలో చెయ్యి పెట్టి చూశాను. లోపల ఇంకా వెచ్చగా ఉంది.

మే 6

అమ్మ: "మూడో నెల నడుస్తున్నది. ఇంకా ఎల్లగొట్టలేదా నిన్ను? అరుణమ్మ ప్రార్థన గట్టిదే."

నాన్న నవ్వలేదుగానీ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మే 22

గడ్డి కోసే మిషను తన వైరును తానే కోసుకుంది. నేను దాన్ని నడిపించాను, అంతే. తోటవైపు లైట్లన్నీ పోయాయి.

వైరు ఎప్పుడూ భుజం మీదుగా వీపు వెనక ఉండాలట. మిషను ముందుకే పోవాలి, వెనక్కి లాక్కోకూడదు. పెద్దమ్మ చెప్పింది. చూపించింది కూడా. నరసరాజుకు మాత్రం "పాత వైరు సార్, ఎలకలు కొరికినయ్," అంది.

నన్ను కాపాడమని ఎలకలను గానీ ఆమెను గానీ నేను అడగలేదు.

జూన్ 29

పెద్దమ్మ అక్క జహీరాబాదులో చనిపోయింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్లింది. తోటకు ఇప్పుడు నేనొక్కడినే.

జులై 1

ఇవాళ్టిది మొత్తం రాయాలి.

ఆకు కదలడం లేదు. రెండు వానలు పడి మొహం చాటేశాయి, ఒకటే ఉక్కపోత. పదింటికి డీసీఎం వ్యాను వచ్చి వెనక గోడ దగ్గర ఆగింది. దాని నిండా చెట్లు. కానుగలు, వేపలు, ఛాతీ ఎత్తువి, నిగనిగలాడుతున్నవి. హమాలీలు దించేసి వెళ్లిపోయారు. చెకింగు రేపేనట, హఠాత్తుగా తెలిసిందట. నరసరాజు ఆఫీసు ముందు పెట్టే పూలకుండీల కోసం తిరుగుతూ ఫోన్ చేశాడు.

"మొక్కలొచ్చాయిగా? వెనక గోతుల్లో పెట్టేసెయ్. రేపు పొద్దున్నే వాళ్లొచ్చేస్తారు."

"పెట్టాల్నా సార్?"

"చెప్తున్నాగా, పెట్టమని!"

మా దిక్కు చెట్టు పెట్టుడు అంటే నాటుడే. ఇందులో సందేహం లేదు. బడిలో సారు "ఎన్ని చెట్లు వెట్టిన్రా?" అని అడిగితే ఎవరూ చెట్టును తీసుకెళ్లి బల్ల మీద పెట్టలేదు. కవరుతో పెడితే అది పెట్టుడు కాదు, దాచుడు. ఆయన పెట్టమన్నాడు. ఎవరైనా ఏమైనా అడిగితే నా జవాబు ఇది.

గుంతలో పార దించాను. నేను ఫిబ్రవరిలో ముక్కు మూసుకుని పోసిన పేడ అక్కడ లేదు. దాని స్థానంలో నల్లగా, పొడిపొడిగా, చేతిలోంచి జారిపోయేది ఏదో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాన పడ్డ నేల వాసన. వేడి లేదు. ఏ గుంతలో చూసినా అదే. ఈ కంపెనీ గోడల మధ్య నేను చేసిన ఒక్క మంచి పని, నాకు తెలియకుండానే అయింది!

పెద్దమ్మ గులాబీలకు చేసేటప్పుడు చూశాను కాబట్టి పద్ధతి తెలుసు. కవరును పక్కనుంచి బ్లేడుతో చీరాలి. అడుగు కూడా చీరాలి. మట్టిముద్ద విరగకుండా రెండు చేతులా పట్టుకోవాలి, పసిపిల్లను పట్టుకున్నట్టు. గుంతలో నిలిపి, మొదలు నేలకు సమానంగా చూసుకుని, చుట్టూ మట్టి పోసి, మడమతో కాకుండా అరచేతులతో అదమాలి. పాదు కట్టాలి. నీళ్లు మెల్లగా. మొదటి నీళ్లు రోడ్డు మీదికి. నేను మరిచిపోలేదు.

ఒక్కో కవరు చీరినప్పుడల్లా లోపల తెల్లటి వేర్లు గుండ్రంగా చుట్టుకుని, గోడకు తల కొట్టుకుంటున్నట్టు కనిపించాయి. వీటిని ఎన్ని కంపెనీలకు తిప్పారో. ఎన్ని ఫొటోల్లో నిలబెట్టారో. వీటికి ఇన్నాళ్లకు నేల తగిలింది.

చివరి చెట్లకు వచ్చేసరికి చేతులు స్వాధీనంలో లేవు. ఎలాగో ముగించాను. చినిగిన కవర్లు ఊడ్చి, కట్ట కట్టి స్టోర్ రూములో పెట్టాను. ప్లాస్టిక్ నేలలో ఉండకూడదు.

మధ్యలో పెద్దమ్మ జహీరాబాదు నుంచి ఫోన్ చేసింది. గాలి ఎక్కువగా ఉంది, సరిగ్గా వినబడలేదు.

జులై 2

వచ్చారు, చూశారు, పోయారు.

ఒక మేడమ్ మాత్రం చెట్ల దాకా నడిచొచ్చింది. ఒక కానుగ మొదలు పట్టుకుని మెల్లగా ఊపి చూసింది. చెట్టు ఊగిందిగానీ మట్టి కదల్లేదు. "బాగా పట్టినయే," అంది. నరసరాజు చేతులు కట్టుకుని, "మావాళ్లు ప్రాణం పెట్టి పెంచుతారు మేడమ్," అన్నాడు. ఫొటోలు తీసుకున్నారు.

వాళ్లు కారెక్కాక నా భుజం తట్టాడు. "ఏరా, ఈసారి అచ్చం నిజం మొక్కల్లాగే పెట్టావ్!"

జులై 3

పాండురంగం సేటు వ్యానుతో వచ్చాడు. సంగారెడ్డిలో నర్సరీ ఆయనదే. చెప్పులు విడిచి, పంచె ఎత్తిపట్టుకుని, ఒక పాదులో బొటనవేలితో మట్టి గీకాడు. ఇంకో పాదులో గీకాడు. కవరు అంచు కోసం వెతుకుతున్నాడు.

"కవర్లేడివోయినయ్ ర?"

"స్టోర్ రూముల ఉన్నయ్ సేట్. కట్ట కట్టి పెట్టిన. తెమ్మంటరా?"

"కవర్లు నేనేం జేస్కోవాలె? నాకు చెట్లు గావాలె!"

"చెట్లు గవ్వే గద."

"అరే పరేషాన్ జెయ్యకుర్రి! కవరు లేని చెట్టును యాడ వెట్టుకోవాలె, ఒళ్లెనా? పీకితే ఏర్లు తెగుతయ్. సంగారెడ్డి వొయ్యే వరకు కట్టెలైతయ్." అంటూనే నరసరాజుకు ఫోన్ కలిపాడు.

నరసరాజు పరిగెత్తుకుని వచ్చాడు. ముందు చెట్లను చూశాడు, తర్వాత నన్ను.

"పెట్టమంటే పాతేస్తావేంట్రా?"

"మీరే పెట్టమన్నరు సార్. మా దిక్కు చెట్టు పెట్టుడంటే నాటుడే."

నరసరాజు సేటు వంక చూశాడు. పాండురంగం అంత కోపంలోనూ తల గోక్కున్నాడు. "మాటైతే నిజమే రాజుగారూ. మా దిక్కు గట్లనే అంటరు."

గెలిచాను. నిజంగా గెలిచాను.  సరిగ్గా అప్పుడే పెద్దమ్మ గేటులోంచి వచ్చింది. నేరుగా బస్సు దిగి వచ్చినట్టుంది, చేతిలో ఇంకా సంచి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏమ్మా అరుణమ్మా, ఏటేటా చేసే పనేగా ఇది? కవర్లు తియ్యకూడదని వీడికి చెప్పలేదా నువ్వు?"

పెద్దమ్మ చెట్లను చూసింది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. తర్వాత నన్ను చూసింది. నేను పాదులో నీళ్లు ఇంకాయా లేదా అని చూస్తున్నాను.

"చెప్పుడు మర్సిన సార్," అంది.

"మర్చిపోయావా? ఇన్నేళ్ల నుంచి చేస్తూ? సేటుకు నేనేం సమాధానం చెప్పాలి? రేపట్నించి రావద్దు నువ్వు." నా వైపు తిరిగాడు. గొంతు మారింది. "వీడికేం తెలుసు పాపం, చెప్పింది చేశాడు. పనిమంతుడే. ఇకమీదట తోటకి నువ్వే ఇన్‌ఛార్జివి. కానీ ఒరే, ఈ మొక్కలకి చుక్క నీళ్లు పొయ్యకు. ఎండిపోయాక పీకి పారేసి గోతులు ఖాళీ చెయ్యి. వచ్చే ఏడు మళ్లీ కావాలి."

పెద్దమ్మ సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. స్టోర్ రూములో ఉన్న తన కొడవలి కూడా తీసుకోలేదు.

పెట్టమన్నాడు. పెట్టాను.

జులై 4

పెట్టమన్నాడు. పెట్టాను. ఇందులో అబద్ధమేముంది?

వాన లేదు. ఒక వేప తల వేలాడేసింది. నా తాగే నీళ్ల బాటిలు దానికి పోశాను. ఒక్కదానికే సరిపోయింది.

ఆదివారం

పెద్దమ్మ చర్చికి రాలేదు. ఆమె ఎప్పుడూ కూర్చునే కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర నాన్న అడిగాడు. మామూలుగా ఆయన నన్నేమీ అడగడు.

"అరుణమ్మ ఇంటికి వోయొచ్చిన. జహీరాబాదుకెళ్లి నీకు ఫోన్ జేసిందట గద?"

"చేసింది."

"ఏమన్నది?"

"సరిగ్గ వినవళ్లే. గాలి."

నాన్న లేచాడు. తన పళ్లెం తానే కడుక్కుని బయటికి వెళ్లాడు. అమ్మ ఏదో ఎగతాళి చేస్తుందని చూశాను. చేయలేదు.

జులై 6

ఆ రోజు గాలి లేదు.

జులై 7

మూడు పేజీల ఉపన్యాసం రాసుకున్నాను. శ్రమ, నేల, న్యాయం, అన్నీ అందులో ఉన్నాయి. పొద్దున బస్సులో రెండుసార్లు చదువుకున్నాను. నరసరాజు క్యాబిన్ తలుపు తోసేసరికి ఒక్క వాక్యం గుర్తు లేదు. జేబులోంచి తీసి చదవడానికి సిగ్గేసింది.

"అరుణమ్మ చెప్పింది సార్," అన్నాను.

"ఏం చెప్పింది?"

"కవర్లు ముట్టొద్దని. ఏప్రిల్ల చెప్పింది. చెట్లొచ్చిన నాడు ఫోన్ జేసి మల్ల చెప్పింది. అక్క సావింట్లకెళ్లి లేసొచ్చి మరీ చెప్పింది. మంచిగనే వినవడ్డది నాకు. తెలిసే చింపిన. పెట్టుడంటే నాటుడని మీకు కథ జెప్పిన."

ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. "ఎందుకు?"

ఇక్కడే ఉపన్యాసం రావాలి. రాలేదు.

"గుంతలు యాడాదంత ఖాళీగ ఉంటున్నయ్ గద సార్."

"నీకు బుర్ర పని చేస్తోందా? నోరు మూసుకునుంటే ఇన్‌ఛార్జివి!"

"నాకద్దు. ఆమెను పిలువుర్రి. పిలువకపోతే ఫొటోలు దీస్కవొయిన మేడమ్ కాడికే వోత. కిరాయి చెట్ల కథంత చెప్త."

నరసరాజు నవ్వాడు. ఆ నవ్వు రాసుకోక తప్పదు, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. "వెళ్లి చెప్పు. ఆవిడొచ్చి చూస్తే ఏముంది? మొక్కలు భూమిలోనే ఉన్నాయిగా. నువ్వే నాటావుగా. ఇక మోసం ఎక్కడుందిరా?"

 నా చేత్తో నేనే వాళ్ల అబద్ధాన్ని నిజం చేసిపెట్టాను! తర్వాత అదే దారి చూపించింది.

"గదే సార్ నేననేది. చెట్లు నిలవడ్డన్ని రోజులే మోసం లేదు. మీరు నీళ్లు బంద్ వెట్టిన్రు. వేపలు అప్పుడే వాలవడ్డయ్. మేడమ్ వచ్చే వరకు గన్ని ఎండుకట్టెలే ఉంటే, ఫొటోలల్ల పచ్చగున్నయి గిట్లెట్లయినయని అడగదా? గీ ఎండల వాటిని బతికిచ్చేది ఒక్క అరుణమ్మనే. నాతోని గాదు. నేను మందారాలనే బతకనియ్యలే."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. లేచి కిటికీలోంచి వెనక గోడ వైపు చూశాడు. 

"ఆవిణ్ణి రమ్మను," అన్నాడు చివరికి. "నువ్వు మాత్రం మళ్లీ ఈ గేట్లో కనపడ్డావంటే కాళ్లిరుగుతాయి."

"కనవడ. గోడ అవుతలికెళ్లి చూస్త. గది రోడ్డు, మీది గాదు."

ఈ మాట ఉపన్యాసంలో లేదు. అప్పటికప్పుడు వచ్చింది.

అదే రోజు, సాయంత్రం

పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వాకిట్లో బియ్యం చెరుగుతోంది. చెప్పాను. చేట ఆపలేదు.

"నిన్ను నిలవెడదామని జన్మల ఒక్క అబద్ధమాడితి. గది గూడ ఖరాబ్ జేసినవ్."

"ఒక్కటేనా? ఎలకలు కొరికినయన్నది?"

చేట ఆగింది. నవ్వకుండా ఉండటానికి మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత కోపంగానే, "ఫోన్ల అరిచి అరిచి చెప్తే, వినవడుతలేదు పెద్దమ్మా అంటివి. నాకు తెల్వదనుకున్నవా? నీ ఎనక చిన్న సప్పుడు గూడ లేదు," అంది.

తెలిసే చెప్పింది అయితే, చెప్పడం మరిచానని.

 ఆమె చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది. "వేపలు ఎన్నిటికి తల వడ్డది? ఆకు కొసల నుంచి ఎండుతున్నదా, నడుమలకెళ్లా?"

చెప్పాను. రేపు పొద్దున మొదటి షిఫ్టు బస్సుకే వెళ్తానంది.

జులై 15

నాలుగో ఉద్యోగం. అమీన్‌పూర్ చెరువు దిక్కున కొత్త అపార్ట్‌మెంట్లలో మాలి. మొదటి రోజే సొసైటీ సెక్రటరీ లాన్‌కు పురుగుమందు బస్తా చూపించాడు. ఎందుకు వద్దో పావుగంట చెప్పాను. ఇంకా నన్ను తీసెయ్యలేదు.

పైపు నీడలో చుట్టిపెట్టాను.

ఆగస్టు 10

వానలు పట్టుకున్నాయి. ఇవాళ పని అయ్యాక బస్సు మారి, కంపెనీ వెనక రోడ్డుకు వెళ్లాను. గోడ ఎత్తు. రాయి మీద ఎక్కితే తోట కనిపించింది. కానుగలకు లేత చిగుళ్లు, రాగి రంగులో. కూర్చుని కలుపు తీస్తున్న పెద్దమ్మ వీపు కనబడింది. పిలవలేదు. సెక్యూరిటీ ఉన్నాడు. ఫోన్ చేశాను. అవతల ఆమె కొంగుతో చేతులు తుడుచుకోవడం చూశాను.

"యాడున్నవ్?"

"రోడ్డు మీద. నీ ఎనకనే."

తిరిగి చూడలేదు, తెలివైన మనిషి. "నీ చెట్లల్ల ఆఖరి కానుగ ఒక్కటి వోయింది. తవ్వి చూస్తే కవరు అడుగు గట్లనే ఉన్నది. పక్కలకు చీరినవ్, అడుగు మర్సినవ్. నీళ్లు నిలిచి ఏర్లు కుళ్లినయ్."

"చేతులు గుంజినయ్ పెద్దమ్మా ఆ పూట."

"చేతులు గుంజితే ఆగాలె. గదొక్కటి తెల్లారి వెట్టినా ఏం గాకపోవు."

"పోనీ తియ్. గది కవరు తోనే ఉన్నది గద. గదొక్కటి చుట్టం."

"మరి మిగిలినయి?"

"మిగిలినయి ఇంటోళ్లు."

ఫోనులో ఆమె నవ్వు, గోడ మీంచి ఆమె నవ్వు, రెండూ కలిసి వినిపించాయి. "ఇంటోళ్లయితే తిండి వెట్టాలె గద. దసరా ముంగట పేడ పంపియ్యి. నరసరాజు సారును నేను ఒప్పిచ్చిన." ఒక్క క్షణం ఆగింది. "పచ్చిది గాదు పిలగా."

బస్సులో కూర్చుని ఇది రాస్తున్నాను. అక్షరాలు ఊగుతున్నాయి, ఊగనీ.

మందారాలను నేనే చంపాను. ఈ చెట్లను పెట్టింది కూడా నేనే.